లేని పేరుకి దొరికిన చిరునామా

2003 సెప్టెంబరు 15, సోమవారం. అమెరికా తూర్పు తీరంలో ఉదయం 10:45. మనకి రాత్రి ఎనిమిదింబావు. వెరిసైన్ అనే కంపెనీ తన దగ్గరున్న ఒక పెద్ద పట్టికలో ఒకే ఒక్క వరుస కొత్తగా రాసింది. వరుస మొదట్లో ఒక నక్షత్రం గుర్తు. చివర్లో ఒక నంబరు: 64.94.110.11.

ఆ పట్టిక మామూలుది కాదు. డాట్ నెట్ అన్న తోకతో లోకంలో ఎవరు పేరు పెట్టుకున్నా అందులోకి ఎక్కాల్సిందే. నక్షత్రానికి అర్థం ‘మిగిలినవన్నీ’ అని. పట్టికలో లేని పేరు ఎవరైనా అడిగితే ‘లేదు’ అనొద్దు, ఈ నంబరు చేతిలో పెట్టి పంపించు అని ఆ వరుస సర్వర్లకి చెబుతోంది. మధ్యాహ్నం ఒకటిన్నర దాకా డాట్ నెట్‌లో నడిపి చూశారు. సాయంత్రం ఏడు దాటాక అదే నక్షత్రాన్ని డాట్ కామ్ పట్టికలోకి ఎక్కించారు. అప్పటికి హైదరాబాదులో తెల్లవారుజామున అయిదు కావస్తోంది. ఇంకా పాల ప్యాకెట్లు గుమ్మాల్లో పడని వేళ.

ఊరు నిద్ర లేచేసరికి డాట్ కామ్‌లో లేని పేరంటూ లేకుండా పోయింది.

ఇందులో ఘోరం ఏముందో తెలియాలంటే ‘లేదు’ అన్న మాట గురించి కొంచెం చెప్పుకోవాలి. మనం బ్రౌజర్‌లో పేరు కొడతాం. యంత్రాలకి పేర్లు పట్టవు, నంబర్లు కావాలి. పేరు అడిగితే నంబరు చెప్పే ఏర్పాటుకి పాల్ మొకాపెట్రిస్ 1983లో రూపం ఇచ్చాడు. దాన్నే డీఎన్ఎస్ అంటాం. అడిగిన పేరు లోకంలో లేకపోతే ఏం చెప్పాలో కూడా ఆ ఏర్పాటులోనే ఉంది. జవాబు కోడ్ 3. ఇంజినీర్లు దాన్ని ఎన్ఎక్స్ డొమైన్ అంటారు. మన మాటలో ‘అలాంటి పేరు లేదు’. ఆ జవాబు వినేది బ్రౌజర్ ఒక్కటే కాదు. ఉత్తరాలు మోసే సర్వర్లు వింటాయి, చెత్త ఉత్తరాలు ఏరే ఫిల్టర్లు వింటాయి, రాత్రిపూట ఎవరూ చూడని గదుల్లో వాటంతట అవి నడిచే ప్రోగ్రాములూ వింటాయి. ‘లేదు’ అన్న మాట విని ఒక్కొక్కటి ఒక్కో నిర్ణయం తీసుకుంటుంది. ఇరవై ఏళ్ళుగా అవన్నీ ఆ మాటని నమ్మి బతుకుతున్నాయి.

వెరిసైన్ ఎవరు? ఆ పట్టికకి యజమాని కాదు, కరణం. 2000లో నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంపెనీని కొనుక్కోవడంతో డాట్ కామ్, డాట్ నెట్ లెక్కలు రాసే పని దాని చేతికి వచ్చింది. అప్పట్లో ఎవరు పేరు నమోదు చేయించుకున్నా ఏడాదికి 6 డాలర్లు ఈ కరణానికి ముట్టేవి. అలాంటి కంపెనీ, ఎవరూ కొనని పేర్లన్నిటినీ, అంటే లెక్కకి అందనన్ని పేర్లని, పైసా కట్టకుండా ఒక్క రాత్రిలో తన సర్వర్ వైపు తిప్పుకుంది. ఊళ్ళో పట్టా లేని భూములన్నీ ఇవాళ్టినుంచి నావేనని గ్రామ లెక్కలు రాసేవాడే రాసుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఆ నంబరు దగ్గర ఉన్న పేజీ పేరు సైట్ ఫైండర్. మీరు అడిగిన పేరు దొరకలేదు, బహుశా మీరు వెతికేది ఇదేమో అంటూ కొన్ని పేర్లు, ఒక వెతుకుడు పెట్టె, కొన్ని విభాగాలు. వాటిలో నొక్కితే డబ్బు కట్టినవాళ్ళ లింకులు. పేజీ వాడినందుకు మీరు మా షరతులకి ఒప్పుకున్నట్టే అనే నిబంధన కూడా ఉంది. కావాలని వచ్చినవాడు ఒక్కడూ లేడు. వేలు జారి వచ్చినవాళ్ళే అందరూ.

ఆ రోజుల్లో అమీర్‌పేట నెట్ సెంటర్లు ఎలా ఉండేవో గుర్తున్నవాళ్ళకి ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ప్లైవుడ్ అరలు, మాసిపోయిన కీబోర్డులు, అక్షరాలు చెరిగిపోయిన మీటలు, గోడ మీద గడియారం. గంటకి ఇంతని లెక్క. అక్షరం చెరిగిన మీట మీద తప్పు పడటం మామూలే. ఇదివరకైతే పేరు తప్పు పడగానే ఆ కంప్యూటర్లో ఉన్న చిన్న పేజీయే క్షణంలో తెర మీదికి వచ్చేది. సరిదిద్దుకుని మళ్ళీ కొట్టేవాళ్ళం. ఇప్పుడు అమెరికా నుంచి ఒక పూర్తి పేజీ బొట్టు బొట్టుగా దిగాలి. అదీ ఇంగ్లీషులో. బ్రౌజర్‌ని తన భాషలో పెట్టుకున్న జపాన్ అతనికైనా, అరబ్బు అతనికైనా అదే ఇంగ్లీషు పేజీ. గడియారం లెక్కనో దిగిన డేటా లెక్కనో డబ్బు కట్టే మనుషుల మీద ఈ భారం పడుతుందనీ, సొంత భాషలో వచ్చే తప్పు సూచన మాయమవుతుందనీ నాలుగు రోజుల తర్వాత ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు తన వ్యాఖ్యలో రాసింది. అంత సాంకేతిక పత్రంలో నెట్ సెంటర్లో కూర్చున్నవాడి సంగతి కూడా ఉండటం నాకు గొప్పగా అనిపిస్తుంది.

అయితే అసలు దెబ్బ వెబ్ మీద కాదు, ఉత్తరాల మీద పడింది. ఆ మంగళవారం ఎవరో ఒకరు ఈమెయిల్ చిరునామాలో ఒక అక్షరం తప్పు కొట్టి పంపారనుకోండి. ముందురోజు దాకా, అలాంటి డొమైన్ లేదని వాళ్ళ సర్వరే వెంటనే చెప్పేసేది. ఇప్పుడు ఆ డొమైన్ ‘ఉంది’. సర్వర్ ఆ నంబరుకి వెళ్ళి తలుపు తట్టింది. తలుపు తీసినదాని పేరు స్నబీ. ఉత్తరాలు తిరగ్గొట్టడం కోసమే వెరిసైన్ కూర్చోబెట్టిన చిన్న ప్రోగ్రాము. రెండు యంత్రాల మధ్య జరిగిన మాటలు ఇంచుమించు ఇవి.

‘నేను ఫలానా సర్వర్‌ని.’

‘సరే.’

‘ఈ ఉత్తరం పంపుతున్నది ఫలానా మనిషి.’

‘సరే.’

‘అందుకోవాల్సింది ఫలానా మనిషి.’

‘అలాంటి డొమైన్ లేదు.’

ఆ చివరి మాట మొదట్లోనే చెప్పాల్సింది. చెప్పేసరికి, ఎవరు ఎవరికి రాస్తున్నారో రెండు పేర్లూ ముక్కూ మొహం తెలియని మూడో మనిషి చెవిన పడ్డాయి. విన్నది దాచుకుందా లేదా అన్నది తర్వాతి సంగతి. అసలు వినాల్సిన పనేమిటి? పైగా తొలిరోజుల స్నబీ ఎదుటివాళ్ళు ఏం చెబుతున్నారో చూసుకునేది కాదు. మొదటి మాటకి ఇది, రెండో మాటకి ఇది అని చిలకలా వరుసగా వల్లించేది. ఎదుటి సర్వర్ మాటల వరుస కొంచెం మారితే జవాబులు అడ్డదిడ్డం.

కొన్ని సంస్థలు తమ ఉత్తరాలు అందుకునే సర్వర్ల పేర్లు రెండు రాసుకుంటాయి, మొదటిది పలకకపోతే రెండోది. ఎప్పుడో ఎవరో మొదటి పేరులో అక్షరం తప్పు రాశారనుకోండి. ఏళ్ళ తరబడి ఎవరికీ తెలీదు. ‘ఆ పేరు లేదు’ అని తేలగానే ఉత్తరం బుద్ధిగా రెండోదానికి చేరిపోయేది. ఇప్పుడు ఆ తప్పు పేరుకి ప్రాణం వచ్చింది. ఉత్తరం నేరుగా స్నబీ దగ్గరికి వెళ్ళి, తిరుగుటపాలో వెనక్కి వస్తుంది. చెత్త ఉత్తరాల సంగతీ అంతే. పంపినవాడి డొమైన్ నిజంగా ఉందా అని అడిగి, లేదంటే గుమ్మంలోనే ఆపే ఫిల్టర్లు ఎన్నో ఉండేవి. దొంగ పేరు పెట్టుకొచ్చిన ప్రతివాడికీ ఇప్పుడు ‘ఉంది’ అని సాక్ష్యం దొరికింది.

రెండు రోజులు తిరక్కుండానే కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీ నుంచి విరుగుడు వచ్చింది. అక్కడ పాల్ విక్సీ నడిపే ఇంటర్నెట్ సాఫ్ట్‌వేర్ కన్సార్టియం వాళ్ళది బైండ్ అనే ప్రోగ్రాము. లోకంలో ఎక్కువ నేమ్ సర్వర్లు దాని మీదే నడిచేవి. దాని కొత్త కూర్పులో వాళ్ళు పెట్టిన ఉపాయం చూడముచ్చటగా ఉంటుంది. డాట్ కామ్ సర్వర్ల పని ఒక్కటే: ‘ఈ పేరు సంగతి నాకు తెలీదు, ఫలానా చోట అడుగు’ అని దారి చూపడం. అవి ఎప్పుడూ చివరి జవాబు చెప్పకూడదు. కాబట్టి డాట్ కామ్ సర్వర్ నేరుగా నంబరు చేతిలో పెట్టిందంటే అది నక్షత్రం పనే. దాన్ని పక్కన పారేసి, అడిగినవాళ్ళకి ‘లేదు’ అని చెప్పు. అంతే. దేశదేశాల నెట్‌వర్క్ ఇంజినీర్లు ఎవరి సర్వర్లో వాళ్ళు దాన్ని పెట్టుకోవడం మొదలుపెట్టారు.

ఇక్కడ ఇంకో చిక్కు వచ్చింది. విరుగుడు వేసిన చోట ఒక పేరు లేదు. వేయని చోట అదే పేరు ఉంది. ఎక్కడ అడిగినా ఒకే జవాబు అన్న పునాది మీద కట్టిన ఇల్లు డీఎన్ఎస్. అది రెండు నాలుకలతో మాట్లాడటం మొదలుపెట్టింది. తప్పు విరుగుడు వేసినవాళ్ళదని నేను అనను. కానీ ఆ వారంలో పెద్దలకి నిద్ర పట్టనివ్వనిది ఈ చీలికే అయివుంటుంది.

సెప్టెంబరు 19న ఆర్కిటెక్చర్ బోర్డు వ్యాఖ్య వెలువడింది. పేర్ల వ్యవస్థకి పెద్దరికం వహించే ఐకాన్ సంస్థ అదే రోజు వెరిసైన్‌ని అడిగింది, మీ అంతట మీరే ఆపండి, విచారించి చూద్దాం అని. కంపెనీ ఒప్పుకోలేదు. వాళ్ళ వాదన కూడా చెప్పాలి. పేరు తప్పు పడ్డప్పుడు బోసి పేజీ చూసి విసుక్కునే మనిషికి మేం దారి చూపిస్తున్నాం, మైక్రోసాఫ్ట్ బ్రౌజర్ కూడా అలాంటి వేళ తన వెతుకుడు పేజీకే తీసుకుపోతోంది కదా అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ బ్రౌజర్ నా బల్ల మీద ఉంది. నచ్చకపోతే ఆ సదుపాయం తీసేస్తాను, బ్రౌజరే మారుస్తాను. డాట్ కామ్ పట్టికని నేను ఎక్కడ మార్చుకోను? అది ఒక్కటే ఉంది, ఒక్కరి చేతిలో ఉంది. సాయం చేయాలని మనసుంటే ‘లేదు’ అని నిజం చెప్పాక చేయొచ్చు. లేనిదాన్ని ఉందని చెప్పి చేసేదాన్ని సాయమనడానికి నాకు నోరు రాదు.

అక్టోబరు 3, శుక్రవారం. ఐకాన్ అధ్యక్షుడు పాల్ టూమీ నుంచి వెరిసైన్‌కి ఉత్తరం వెళ్ళింది. ఈసారి విన్నపం కాదు, గడువు. రేపు సాయంత్రం పసిఫిక్ కాలమానం ప్రకారం ఆరు గంటల్లోగా నక్షత్రం తీసేయాలి, లేదంటే ఒప్పందం ఉల్లంఘించినందుకు చర్య తప్పదు. మన లెక్కలో ఆ ఆరు గంటలంటే అక్టోబరు 5, ఆదివారం పొద్దున ఆరున్నర. ఆ రోజు దసరా. ఇక్కడ గుమ్మాలకి బంతిపూల దండలు కడుతున్న వేళకి అక్కడ గడువు ముగిసింది. వెరిసైన్ అభ్యంతరం చెబుతూనే నక్షత్రాన్ని తీసేసింది. పందొమ్మిది రోజుల తర్వాత డాట్ కామ్ మళ్ళీ ‘లేదు’ అనడం మొదలుపెట్టింది.

ఆ నెలలోనే వాషింగ్టన్‌లో రెండు బహిరంగ సమావేశాలు జరిగాయి. వాటిని నడిపిన ఐకాన్ భద్రతా సంఘానికి అధ్యక్షుడు స్టీవ్ క్రాకర్. 1969 ఏప్రిల్‌లో, ఇంటర్నెట్ అన్న పేరు కూడా పుట్టకముందు, ఆర్ఎఫ్‌సీ అనే పత్రాల పరంపరలో మొట్టమొదటిది రాసిన మనిషి. నలుగురికీ చూపించి, అభిప్రాయం అడిగి, ఆ తర్వాతే మార్పు చేయాలన్నది ఆ పరంపర ప్రాణం. ఎవరికీ ముందు చెప్పకుండా పునాదిలో రాయి మార్చిన కేసు ఆయన బల్ల మీదికే రావడం కాకతాళీయమే, కానీ అలా వచ్చింది. 2004 జులైలో సంఘం నివేదిక ఇచ్చింది: మార్పు ముందస్తు హెచ్చరిక లేకుండా జరిగింది, ఇలాంటి నక్షత్రాలు ఇకమీదట పెట్టకూడదు, ఉన్నచోట క్రమంగా తీసేయాలి. ఐకాన్ మీద వెరిసైన్ 2004 ఫిబ్రవరిలో దావా వేసింది. 2006లో రాజీ కుదిరింది. తర్వాత వచ్చిన కొత్త డొమైన్ తోకల ఒప్పందాల్లో నక్షత్రం నిషేధమని రాసిపెట్టారు. 2016 నవంబరులో ఐకాన్ సమావేశం మన హైదరాబాదులో జరిగినప్పుడు సంస్థ బోర్డుకి అధ్యక్షుడు ఆ క్రాకరే.

కథ ఇక్కడితో అయిపోయుంటే నేనైతే అసలు రాసేదాన్నే కాదు. నక్షత్రం పైనుంచి దిగింది, కింద మొలిచింది.

ఐకాన్‌కి ఒప్పందం ఉన్నది పట్టిక రాసే కంపెనీలతో. మన ఇంటికి తీగ లాగి ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీలతో కాదు. పేరు అడిగినప్పుడు మన ప్రశ్న ముందుగా వెళ్ళేది ఆ కంపెనీ సర్వర్‌కే. అది పైన అడిగి, ‘లేదు’ అన్న జవాబు తెచ్చి, మనకి ఇవ్వాలి. దారి మధ్యలో ఆ ‘లేదు’ని చింపేసి, తన ప్రకటనల పేజీ నంబరు పెట్టి ఇస్తే? అడిగే నాథుడు లేడు. ఈ పని చేసిపెట్టడానికి ప్రత్యేకంగా కంపెనీలు పుట్టాయి. నొక్కిన ప్రకటనల మీద వచ్చే డబ్బులో ఇద్దరికీ వాటా. అమెరికాలో ఎర్త్‌లింక్ 2006లో, కెనడాలో రోజర్స్ 2008లో, మళ్ళీ అమెరికాలో కామ్‌కాస్ట్ 2009లో ఈ దారి పట్టాయి.

డాన్ కమిన్‌స్కీ అనే కుర్రవాడు 2008 ఏప్రిల్‌లో సియాటిల్‌లో జరిగిన ఒక సదస్సులో ఇది ఎంత లోతు గొయ్యో చూపించాడు. ఎర్త్‌లింక్ తరఫున బేర్‌ఫ్రూట్ అనే సంస్థ ప్రకటనల పేజీలు వడ్డించేది. ఒక పెద్ద సైట్ పేరు ముందు లేనిపోని మాట ఒకటి తగిలించి అడిగితే, ‘అది లేదు’ అని చెప్పాల్సింది ఆ సైట్ యజమాని. చెప్పాడు కూడా. మధ్యలో ఎర్త్‌లింక్ దాన్ని చింపేసి బేర్‌ఫ్రూట్ పేజీ పెట్టింది. బ్రౌజర్ పైన కనిపించే పేరు పెద్ద సైట్‌ది, కింద ఉన్న పేజీ ప్రకటనల వాళ్ళది. ఆ పేజీలో ఉన్న ఒక లోపం పట్టుకుని ఎవడైనా తన ప్రోగ్రాము దూర్చగలిగితే, బ్రౌజర్ దాన్ని పెద్ద సైట్ సొంత మనిషే అనుకుంటుంది. లోపలికి రానిస్తుంది, మనం లాగిన్ అయిన గుర్తులు చేతికిస్తుంది. తమ సైట్‌కి ఎంత కాపలా పెట్టుకున్నా, తమది కాని పేజీకి తమ పేరు తగిలిస్తే ఎవరు మాత్రం ఏం చేయగలరు? లోపాన్ని వెంటనే సరిచేశారు. దారి మళ్ళించడం మాత్రం ఆపలేదు. కమిన్‌స్కీ 2021లో, నలభై రెండేళ్ళకే పోయాడు.

ఈ సంగతులన్నీ నేను వెతికి చదవడానికి కారణం మా నాన్న.

చాలా ఏళ్ళ కిందటి మాట. పెన్షన్ పడిందో లేదో చూసుకోవడానికి నాన్న బ్యాంకు పేరు రెండు చూపుడు వేళ్ళతో ఒక్కో అక్షరం కొట్టేవారు. ఆ రోజు వంటింట్లో ఉన్న నాకు పిలుపు వినిపించింది. ‘అమ్మాయ్, బ్యాంకు వాళ్ళు పేజీ మార్చినట్టున్నారు. లోన్ కావాలా అంటున్నారు. ఫోన్ నంబరు అడుగుతున్నారు, ఇవ్వనా?’

వెళ్ళి చూశాను. పర్సనల్ లోన్, బంగారం మీద లోన్, ఇన్సూరెన్స్. పక్కన ఒక వెతుకుడు పెట్టె. మూలన చిన్న అక్షరాల్లో మాకు ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీ పేరు. పైన నాన్న కొట్టిన పేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది.

‘వద్దు నాన్నా. ఇది బ్యాంకుది కాదు.’

‘బ్యాంకు పేరే కదమ్మా కొట్టాను.’

ఆదేశాలు కొట్టే నల్ల తెర తెరిచి, కళ్ళు మూసుకుని కీబోర్డు మీద చేతికొచ్చిన మీటలు పదిహేను నొక్కి, చివర డాట్ కామ్ తగిలించి, ఈ పేరు నంబరేమిటని అడిగాను. ఎవరూ పెట్టి ఉండని పేరు. నంబరు వచ్చింది. మళ్ళీ ఇంకో గందరగోళం కొట్టాను. అదే నంబరు. మూడోసారీ అదే. నాన్న కుర్చీ వెనకాల నిలబడి చూస్తున్నారు. ముప్పై నాలుగేళ్ళు రికార్డు గదిలో పనిచేసిన మనిషి. ‘లేని ఫైలుకి నంబరు ఎలా ఇస్తారమ్మా?’ అన్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అలాంటిది ఎవరైనా చేస్తారని నమ్మలేకపోతున్నారంతే.

కామ్‌కాస్ట్ 2012 జనవరిలో ఆ పని మానేసింది. డీఎన్ఎస్ జవాబుల మీద సంతకాలు పెట్టే డీఎన్ఎస్‌సెక్ పద్ధతిని తన చందాదారులందరికీ తెచ్చింది, దారి మళ్ళించడం దానితో పొసగదు కాబట్టి తీసేస్తున్నామని చెప్పింది. ఆ పద్ధతిలో ‘ఉంది’కే కాదు, ‘లేదు’కి కూడా సంతకం ఉంటుంది. పేర్లని అక్షరక్రమంలో పేర్చి, ఫలానా పేరు తర్వాత వచ్చేది ఫలానా పేరు, ఆ రెండిటి మధ్య ఏమీ లేదు అని రాసి ముద్ర వేస్తారు. మధ్యలో ఎవరైనా చింపితే ఆ సంతకాన్ని సరిచూసే యంత్రానికి తెలిసిపోతుంది. లేనితనానికి ధ్రువపత్రం ఇవ్వాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, నాన్నలాంటి రికార్డు గది మనిషికే వచ్చి ఉండాలని నాకనిపిస్తుంది.

మా ఇంట్లో ఆ రోజుకి నేను చేయగలిగింది చిన్నది. రూటర్‌లోకి వెళ్ళి, కంపెనీ సర్వర్ నంబరు తీసేసి, అందరికీ అందుబాటులో ఉండే వేరే డీఎన్ఎస్ సర్వర్ నంబరు పెట్టాను. నాన్నని మళ్ళీ అదే తప్పు పేరు కొట్టమన్నాను. రెండు చూపుడు వేళ్ళతో, అదే అక్షరం వదిలేసి, జాగ్రత్తగా కొట్టారు. తెర తెల్లగా అయింది. ఈ పేరుతో సైట్ దొరకలేదని ఒక ముక్క, అంతే.

‘లేదంటోంది.’

‘అవును నాన్నా, లేదు.’

కళ్ళజోడు పైకి తోసుకుని పేరుని మొదటినుంచీ చదువుకున్నారు. ఎగిరిపోయిన అక్షరం దొరికింది. బాణం మీటతో వెనక్కి వెళ్ళి దాన్ని అక్కడ పెట్టారు.